రెండోసారి తొక్కితే బాగుండే బ్రేకు: వరదలో నిలిచిన ఒక కారు కథ

విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపి కూడా ఆ లెక్కల మాస్టారు వెంటనే దిగలేదు. ఇంజన్ ఆపేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే పెట్టుకుని కూర్చున్నారు. నేను దగ్గరికి వెళ్తే అద్దం దించి, "బాబూ, ఈ బ్రేకు ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. నాకే అలా అనిపిస్తోందో, నిజంగానే ఉందో నువ్వే తేల్చాలి" అన్నారు. అంతకుముందు చూపించిన రెండు చోట్లా "బండి బాగానే ఉంది సార్, మీకే అనుమానం" అని పంపేశారట. నలభై ఏళ్లుగా బండి నడుపుతున్న మనిషికి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆయన ముఖంలోనే కనిపించింది.

బండి 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్రేకులకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది. మీటర్ మీద 61 వేల కిలోమీటర్లు. ఏ కంపెనీది అన్నది ఇక్కడ అవసరం లేదు. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలా వాటికి ఇదే అమరిక.

మా దగ్గరికి వచ్చేసరికే ఆ బండికి బ్రేకు పని చాలా జరిగింది. మాస్టారు బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వరసగా పెట్టుకుని తెచ్చారు. ఆ కవర్ నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. 2025 జనవరిలో కుటుంబంతో తిరుమల వెళ్లారు. దిగేటప్పుడు, ఇంకాసేపట్లో అలిపిరి వస్తుందనగా పెడల్ మెత్తబడి బాగా లోపలికి పోయింది. హ్యాండ్‌బ్రేక్ సాయంతో పక్కకి తీసి అరగంట ఆగారు. తర్వాత చూస్తే బ్రేకు మామూలుగానే ఉంది. విజయవాడ వచ్చాక ఒక చోట బ్రేక్ ఆయిల్ మార్చారు. ఇంకో చోట డిస్కుని రెండు పక్కలా నొక్కే ముందు ప్యాడ్లు మార్చి, హ్యాండ్‌బ్రేక్ టైట్ చేశారు. అయినా పెడల్ ఒక్కోసారి లోతుకి పోతోందంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ కొత్తది వేశారు. అదీ అయ్యాక మా దగ్గరికి వచ్చారు.

పెడల్ బాగాలేదంటూ వచ్చే ప్రతివాళ్లూ "స్పాంజ్‌లా ఉంది" అనే అంటారు. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులుంటాయి. పెడల్ ఎప్పుడూ మెత్తగా ఉండి, రెండు మూడు పంపులు కొడితే గట్టిపడుతుంటే పైపుల్లో గాలి ఉందని అనుకోవచ్చు. గాలిని నొక్కితే నలుగుతుంది, ఆయిల్ నలగదు. సిగ్నల్ దగ్గర కాలు పెట్టి ఉంచితే పెడల్ మెల్లమెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పుల మీద అనుమానం. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఘాట్ దిగాక మెత్తబడితే ఆయిల్ మరిగి ఆవిరైందన్నమాట. ఇక తొలిసారి తొక్కితే లోతుకి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే సరిగ్గా ఉండేది నాలుగోది. అలాంటప్పుడు ఆయిల్‌లో ఏ లోపమూ ఉండకపోవచ్చు. ప్యాడ్లో, డ్రమ్ముకి లోపలి నుంచి రాసుకునే లైనర్లో ఉండాల్సిన చోటు నుంచి వెనక్కి జరిగాయని అర్థం. మొదటి తొక్కు ఆ ఖాళీ పూడ్చడానికే ఖర్చవుతుంది, బండిని ఆపేది రెండో తొక్కు.

ఈ నాలుగింటికీ నాలుగు వైద్యాలు. మనం మాత్రం మాట వినగానే చక్రం దగ్గరున్న నిపిల్ విప్పి, పైపుల్లోంచి ఎయిర్ తీయడం మొదలుపెడతాం. ఆ రోజు నేనూ అదే చేశాను.

మొదటి రోజు

ముందుగా షెడ్డులోనే చూశాను. ఇంజన్ ఆపి, కాలి బలాన్ని పెంచే బూస్టర్లో వాక్యూమ్ పోయేదాకా ఐదారుసార్లు తొక్కి, ఆ తర్వాత కాలు తేలిగ్గా పెట్టి నిమిషంపాటు అలాగే ఉంచాను. పెడల్ కదల్లేదు. లోపల లీకు ఉంటే ఒక్కోసారి గట్టిగా తొక్కినప్పుడు బయటపడదు, తేలిగ్గా నొక్కి ఉంచినప్పుడే జారుతుంది. అందుకే రెండు రకాలుగానూ చూశాను. కాలు తీయకుండానే ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగి ఆగింది, కాబట్టి బూస్టర్ పనిచేస్తోంది. అయినా బూస్టర్ పోతే పెడల్ గట్టిపడుతుంది కానీ మెత్తబడదు.

తర్వాత ఎయిర్ తీశాం. వెనక ఎడమ చక్రం నిపిల్‌కి ట్యూబు పెట్టి విప్పగానే సన్నటి బుడగలు వచ్చాయి. మాస్టర్ సిలిండర్‌ని బల్ల మీద పెట్టి ఆయిల్‌తో నింపి, గాలి పోగొట్టాకే బండికి బిగించాలి. ఆ పని చేయకుండానే బిగించినట్టున్నారు. బుడగలు కనబడగానే జబ్బు దొరికిందనే అనుకున్నాను. నాలుగు చక్రాలకూ ఎయిర్ తీశాక పెడల్ మునుపటికంటే గట్టిగా తగిలింది. మాస్టారు ఆటోనగర్ లోపలే ఒక రౌండు వేసి, బాగుందని చెప్పి వెళ్లిపోయారు.

మూడో రోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "బాబూ, గట్టిపడింది, కాదనను. కానీ ఆ ఒక్కోసారి అనేది మాత్రం పోలేదు."

ఎయిర్ ఉన్నది నిజం, దాన్ని తీయడమూ సరైన పనే. కానీ ఆయన చెప్పిన జబ్బుకూ ఆ గాలికీ సంబంధం లేదు. ఆయన మొదటి రోజే "ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు" అన్నారు. గాలి ఉంటే అది ప్రతి తొక్కుకీ ఉంటుంది. ఆ మాటను నేను అప్పుడే పట్టుకోవాల్సింది. ఒక లోపం దొరికితే, అసలు వెతుకుతున్న లోపం అదేననుకోవడం మన పనిలో చాలా ప్రమాదకరమైన అలవాటు. బ్రేకుల విషయంలో అయితే ఆ ప్రమాదం బండిలో కూర్చున్న వాళ్లకి.

కరకట్ట మీద

ఈసారి స్పానర్ ముట్టుకోలేదు. మాస్టారికి టీ తెప్పించి, పక్కన కూర్చుని అడిగాను. ఎప్పుడు దిగుతుంది? ఏ రోడ్డు మీద? దానికి ముందు బండి ఏం చేసింది? ఆయన లెక్కల మాస్టారు. ఒకసారి అడగడం మొదలుపెడితే ఆయనకే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. బందరు రోడ్డు మీద ఎప్పుడూ రాలేదు. సిటీలో ట్రాఫిక్‌లో కూడా రాలేదు. సొంతూరు వెళ్లేటప్పుడు, అవనిగడ్డ వైపు కృష్ణ కరకట్ట మీద మాత్రం తప్పకుండా వస్తుంది. అదీ చాలాసేపు బ్రేకు వేయకుండా వెళ్లి, ఏ గేదెలో అడ్డం వస్తే తొక్కినప్పుడు.

"అయితే అక్కడికే వెళ్దాం పదండి" అన్నాను.

ఆయన్నే నడపమని నేను పక్క సీట్లో కూర్చున్నాను. కట్ట మీద రోడ్డు నదితోపాటే వంకరలు తిరుగుతుంది, గోతులు సరేసరి. ఒక కిలోమీటరు బ్రేకు ముట్టుకోకుండా వెళ్లడం, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు మెల్లగా తొక్కడం, ఇలా పదకొండుసార్లు చేశాం. నాలుగుసార్లు పెడల్ లోతుకి పోయింది. ఆ నాలుగుసార్లూ అంతకు కాస్త ముందే బండి కుడివైపు వంపు తిరిగింది. ఎడమ వంపు తర్వాత ఒక్కసారి కూడా దిగలేదు. వెంటనే రెండోసారి తొక్కితే నాలుగుసార్లూ పెడల్ మామూలుగానే ఉంది.

కుడికి తిరిగేటప్పుడు బండి బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. కాబట్టి చూడాల్సింది ఎడమవైపు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకోటి కూడా విన్నాను. 60 దాటాక ఎడమ ముందు నుంచి సన్నటి గుంయ్‌మనే శబ్దం. టైర్ల శబ్దమని మాస్టారు, ఆయన టైర్ల కొట్టువాడు ఎప్పుడో తీర్మానించేసుకున్నారట.

"మాస్టారూ, ఈ బండి ఎప్పుడైనా నీళ్లలో నిలిచిందా?" అని అడిగాను. ఆయన నావైపు చూసి, "మాది సింగ్ నగర్ కదయ్యా" అన్నారు.

విజయవాడ వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల పేటలన్నీ మునిగిపోయాయి. రోజుల తరబడి నీళ్లు దిగలేదు. మాస్టారి ఇంటి ముందు ఈ కారు సీట్ల అడుగు దాకా నీళ్లలో నాలుగు రోజులు ఉంది. తర్వాత ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చారు, సీట్లు విప్పి ఎండబెట్టారు, వైరింగ్ చూశారు. చక్రాల జోలికి ఎవరూ వెళ్లలేదు. స్టార్ట్ అయింది, నడిచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ నెలలో అలాంటి బళ్లు మా షెడ్డు ముందు కూడా వరసగా నిలబడ్డాయి. వాటిలో ఎన్నింటికి చక్రాలు విప్పి చూశానా అని తర్వాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను. చాలా వాటికి చూడలేదు.

చేత్తో ఊపి చూస్తే

రోడ్డు మీద జరిగేది షెడ్డులో మళ్లీ జరిపించగలిగితే అనుమానానికి తావుండదు. బండి ముందు భాగాన్ని జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, మా కుర్రాణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. పెడల్ పక్కన నేల మీద స్టీలు స్కేలు నిలబెట్టి, తొక్కిన ప్రతిసారీ పెడల్‌కీ నేలకీ మధ్య ఎంత మిగిలిందో చెప్పమన్నాను. మామూలుగా తొక్కితే 62 మి.మీ. మిగులుతోంది.

ఎడమ ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని, లోపలికీ బయటికీ గట్టిగా నాలుగైదుసార్లు ఊపాను. చేతికి చాలా చిన్న టిక్కు తగిలింది. పట్టించుకోకపోతే తెలియనంత చిన్నది. "ఇప్పుడు తొక్కు రా" అన్నాను.

"అన్నా, దిగింది! యాభై రెండు!"

"మళ్లీ తొక్కు."

"అరవై రెండు అన్నా."

మళ్లీ ఊపితే మళ్లీ 52. మూడోసారి కూడా అంతే. కుడి చక్రాన్ని ఎంత ఊపినా 62 దగ్గర నుంచి కదల్లేదు. ఆఖరి రుజువు కోసం, ప్యాడ్లని డిస్కుకి నొక్కే ఎడమ కాలిపర్‌కి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోసుని, నున్నటి దవడలున్న హోస్ క్లాంపుతో నొక్కేసి, చక్రం ఊపి తొక్కమన్నాను. ఈసారి పెడల్ దిగలేదు. పెడల్‌ని లోతుకి పంపుతున్నది ఆ ఒక్క కాలిపరేనని తేలిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాతబడి పగుళ్లు తేలిన హోసుని ఇలా నొక్కకూడదు, కటింగ్ ప్లయర్‌తోనో మోల్ గ్రిప్‌తోనో అసలు నొక్కకూడదు. లోపలి పొర తెగితే మనమే కొత్త జబ్బు తెచ్చిపెట్టిన వాళ్లమవుతాం. క్లాంపు ఉండగా బండిని రోడ్డెక్కించకూడదని వేరే చెప్పక్కర్లేదు.

మాస్టారు ఇదంతా స్టూలు మీద కూర్చుని చూశారు. 52, 62 అంకెలు వినబడినప్పుడల్లా ఆయన పెదాలు కదులుతున్నాయి. మూడోసారి తర్వాత లేచి వచ్చి, స్కేలు తనే పట్టుకుని చూశారు. "అయితే ఉందన్నమాట" అన్నారు. అంతే అన్నారు.

విప్పితే కనబడింది

చక్రం తీసి డిస్క్ అంచుకి, సన్నటి కదలికని కూడా కొలిచే డయల్ గేజ్ పెట్టాను. మొదట నాకు అనుమానం డిస్క్ వంకర మీద. చక్రమూ డిస్కూ బిగించే హబ్ మీద తుప్పు పొర ఉన్నప్పుడు డిస్క్ సరిగ్గా కూర్చోక అటూ ఇటూ కొడుతుంది, అప్పుడు కూడా ప్యాడ్లు వెనక్కి పోతాయి. తిప్పి చూస్తే 0.05 మి.మీ. లోపే ఉంది. కాబట్టి డిస్క్ కాదు. గేజ్ అలాగే ఉంచి డిస్క్‌ని పైనా కిందా పట్టుకుని ఊపితే మాత్రం ముల్లు గంతులు వేసింది. అంటే లోపం హబ్‌ని తిప్పే గుండ్ల బేరింగ్‌లో.

కాలిపర్ విప్పేటప్పుడు రెండో సంగతి బయటపడింది. ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ ఒక్క పక్కనే ఉంటుంది. మొత్తం కాలిపర్ రెండు స్లైడ్ పిన్ల మీద అటూ ఇటూ జరుగుతూ రెండో ప్యాడ్‌ని కూడా లాగుతుంది. పిన్లు తేలిగ్గా జరుగుతుంటే, డిస్క్ కాస్త ఒరిగినా దానితోపాటే కాలిపర్ జరుగుతుంది, పిస్టన్ మీద పెద్దగా భారం పడదు. ఇక్కడ పై పిన్ను వేలితో జరిగింది. కింది పిన్ను పైపు పెట్టి తిప్పితే కానీ రాలేదు. రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజు ఎండి, వరద మట్టి ఇటుక పొడిలా గట్టిపడి ఉంది. ప్యాడ్లు మార్చినప్పుడు ఆ పిన్ను బయటికి తీసి ఒక్కసారి చూసినా దొరికిపోయేది.

బేరింగ్‌ని ప్రెస్సు మీద బయటికి తోశాక, గ్రీజు ఉండాల్సిన చోట పాలు ఎక్కువైన టీ రంగులో జిగురు కనిపించింది. వేలి మధ్య నలిపితే గరగరలాడింది. లోపలి రింగు మీద, గుండ్లు తిరిగే దారిలో, సూదితో పొడిచినట్టు వరసగా గుంటలు. చక్రం బేరింగు సీళ్లు వాన నీళ్లనీ రోడ్డు మీద చిందే నీళ్లనీ ఆపుతాయి. నాలుగు రోజులు పూర్తిగా నీళ్లలో మునిగి ఉండటానికి చేసినవి కావు.

ఇప్పుడు కథంతా ఒక వరసలో వస్తుంది. కుడి వంపులో బరువు ఎడమ మీద పడగానే, బేరింగ్‌లో ఉన్న ఊగుడు వల్ల హబ్ ఒరుగుతుంది, దానితో డిస్క్ కూడా ఒరుగుతుంది. కింది పిన్ను పట్టేసింది కనుక కాలిపర్ జరగలేదు. డిస్క్ ప్యాడ్‌ని, ప్యాడ్ పిస్టన్‌ని లోపలికి నెడుతుంది. వంపు అయిపోయాక డిస్క్ మామూలు చోటికి వస్తుంది కానీ, పిస్టన్ నెట్టిన చోటే ఉండిపోతుంది. దాన్ని ముందుకి తెచ్చేది మళ్లీ మన కాలే.

ఎంత నెడితే పెడల్ అంత దిగుతుందని మాస్టారు అడిగారు. ఇద్దరం జాబ్ కార్డు వెనక లెక్క వేశాం. పిస్టన్ వ్యాసం 51 మి.మీ., అంటే దాని ముఖం సుమారు 2,040 చదరపు మి.మీ. అది 0.4 మి.మీ. వెనక్కి పోతే, ఆ చోటు నింపడానికి దాదాపు 0.8 మిల్లీలీటర్ల ఆయిల్ కావాలి. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20.6 మి.మీ., ముఖం 333 చదరపు మి.మీ. అంత ఆయిల్ పంపాలంటే దాని పిస్టన్ రెండున్నర మి.మీ. నడవాలి. పెడల్ దగ్గర లీవరు నిష్పత్తి సుమారు నాలుగు, కాబట్టి కాలి కింద 10 మి.మీ. మేం స్కేలు మీద చూసిన తేడా సరిగ్గా అంతే. 0.4 మి.మీ. అంటే నోటుబుక్కు కాగితాలు నాలుగు. కాలిపర్ దగ్గర నాలుగు కాగితాల సందు కాలి కింద సెంటీమీటరు గొయ్యి అవుతుంది.

వెనక డ్రమ్ములు, హ్యాండ్‌బ్రేకు

ముందు చక్రంతో ఆపేసి ఉంటే "ఒక్కోసారి" పోయేది కానీ, పెడల్ పైన నిలబడేది కాదు. మిగిలేది 62 అయినా ఆ మోడల్‌కి అది తక్కువే. అందుకే డ్రమ్ములు విప్పాను. లైనర్లు ఇంకా బాగానే ఉన్నాయి, కానీ డ్రమ్ముకీ వాటికీ మధ్య సందు చాలా ఉంది. లైనరు అరిగేకొద్దీ సందుని తనంతట తనే సరిచేసుకునే అడ్జస్టర్ రెండు వైపులా తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వరద దీన్నీ వదల్లేదు.

దీనికి హ్యాండ్‌బ్రేక్ కూడా తోడైంది. వెనక సందు పెరిగితే హ్యాండ్‌బ్రేక్ లీవర్ ఎక్కువ పైకి లాగాల్సి వస్తుంది. దాన్ని తగ్గించడానికి కేబుల్ టైట్ చేసి పంపారు. లీవర్ ఆరో క్లిక్కుకే పట్టేస్తుంటే చూడటానికి బాగానే ఉంటుంది. కానీ కేబుల్ బిగిస్తే డ్రమ్ములోపలి లీవరు పూర్తిగా వెనక్కి రాదు, లైనర్లు తమ చోటుకి చేరవు, అడ్జస్టర్‌కి పనిచేసే అవకాశమే ఉండదు. ముందు డ్రమ్ము లోపల సందు సరిచేసి, పెడల్ నాలుగుసార్లు తొక్కి లైనర్లని మధ్యలో కూర్చోబెట్టి, అన్నిటికంటే చివర కేబుల్ ముట్టుకోవాలి. ఈ వరస తిరగేసి చేసిన బళ్లు వారానికి ఒకటైనా చూస్తున్నాను. దయచేసి ఎవరూ అలా చేయకండి. బండి యజమానికి పనైనట్టే కనిపిస్తుంది, కాలి కింద పెడల్ మాత్రం రోజుకింత దిగుతూ పోతుంది.

తిరుమల ఘాట్‌లో జరిగింది

ఇదంతా అయ్యాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. జనవరిలో ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడటం వేరే రకం జబ్బు. వంపు వల్ల ప్యాడ్లు వెనక్కి పోయుంటే రెండో తొక్కుకి బాగుపడాలి. "ఎన్నిసార్లు తొక్కినా మెత్తగానే ఉంది, అరగంట ఆగాక తనే సరైంది" అన్నారు మాస్టారు. అది ఆయిల్ మరిగిన లక్షణం.

మరి ఆయిల్ మార్చారు కదా? ఆ బిల్లు కవర్లో ఉంది. పెన్ను లాంటి టెస్టర్‌ని మాస్టర్ సిలిండర్ పైన ఆయిల్ పోసే కప్పులో ముంచితే నీరు 1 శాతం లోపే చూపించింది. కప్పులో ఆయిల్ తేనె రంగులో తేటగా ఉంది. ఎడమ కాలిపర్ నిపిల్ నుంచి కొంచెం గాజు సీసాలోకి తీస్తే మాత్రం నల్లటి కషాయంలా వచ్చింది, టెస్టర్ 3 శాతం పైన వెలిగింది. ఆ టెస్టర్ అంకెలను పూర్తిగా నమ్మలేం కానీ, ఒకే బండిలో రెండు చోట్ల అంత తేడా అంటే అర్థం ఒకటే. కప్పులోది సిరంజితో పీల్చేసి కొత్తది పోశారు, పైపుల్లోనూ కాలిపర్లలోనూ ఉన్నది అలాగే ఉండిపోయింది. వేడెక్కేది కాలిపర్ దగ్గరున్న ఆయిలే. నేను మొదటి రోజు ఎయిర్ తీసినప్పుడు కూడా బుడగలు ఆగగానే ఆపేశాను, రంగు మారేదాకా తీయలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకి దిగిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. అలిపిరికీ కొండ మీదికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులూ సామానుతో 1,300 కిలోల బండి అంత ఎత్తు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు 26 లీటర్ల చన్నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. కిందికి దింపేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. అది ఒకటే మెలికలు. ఆ వేడిలో కొంత ఇంజన్, గాలి తీసుకోకపోతే అంతా బ్రేకుల మీదే. టాప్ గేర్లో దిగుతూ దారంతా కాలు బ్రేకు మీదే ఉంచారని మాస్టారే చెప్పారు. పైగా పట్టేసిన పిన్ను వల్ల ఆ ఎడమ కాలిపర్‌లో ప్యాడ్ డిస్క్‌కి రాసుకుంటూనే ఉండాలి. లోపలి ప్యాడ్ బయటిదానికంటే సగానికి సగం ఎక్కువ అరిగిందని ప్యాడ్లు మార్చినవాళ్లు బిల్లు మీదే రాశారు. అలా ఎందుకు అరిగిందో మాత్రం ఎవరూ చూడలేదు.

ఆయిల్‌లో చేరిన నీరు మరిగితే వచ్చేది ఆవిరి. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. చల్లారగానే అది మళ్లీ ద్రవమైపోతుంది, షెడ్డుకి వచ్చేసరికి బండిలో ఏ ఆనవాలూ ఉండదు. "బాగానే ఉంది సార్" అని పంపేయడం అందుకే అంత సులువు.

చేసిన పని, వచ్చిన కొలతలు

ఎడమ ముందు బేరింగ్ కొత్తది వేశాం. కుడి బేరింగ్‌ని కూడా తీయాలా అని ఆలోచించాను. గేజ్ కదల్లేదు, శబ్దం లేదు, కానీ అదీ అదే నీళ్లలో ఉంది. మాస్టారితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మార్చమన్నారు. తీసి చూస్తే గ్రీజు రంగు మారడం అప్పుడే మొదలైంది. రెండు కాలిపర్లకూ పిన్లు, బూట్లు కొత్తవి, బ్రేకులకని దొరికే సిలికాన్ గ్రీజుతో. మామూలు బేరింగు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. వెనక అడ్జస్టర్లు విప్పి, మరలు శుభ్రం చేసి, వేలితో తిరిగేలా చేసి బిగించాం. హోసులు బాగున్నాయి, వాటిని ముట్టుకోలేదు. కొత్త మాస్టర్ సిలిండర్ కూడా అలాగే ఉంచాం. నా ఉద్దేశంలో దాన్ని మార్చాల్సిన అవసరమే లేదు, కానీ ఆ డబ్బు అప్పటికే అయిపోయింది.

చివర ఆయిల్. లీటరు డాట్ 4 సీలు విప్పి, ప్రతి నిపిల్ దగ్గరా కొత్త రంగు వచ్చేదాకా తీశాం. స్కానర్ పెట్టి ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వులని, పంపుని తిప్పించి, మళ్లీ ఒక చుట్టు తీశాం. మాస్టర్ సిలిండర్ మార్చినప్పుడు దిగిన గాలి ఆ యూనిట్ సందుల్లో దాక్కుంటే పెడల్ తొక్కినంత మాత్రాన బయటికి రాదు. ఎయిర్ తీసేటప్పుడు పెడల్‌ని నేలకి తాకించొద్దని మా కుర్రాడికి ఎప్పుడూ చెబుతాను, కింద చెక్కముక్క పెట్టిస్తాను. పాత సిలిండర్‌లో రోజూ పిస్టన్ వెళ్లని చోట తుప్పు, మడ్డి ఉంటాయి, రబ్బరు కప్పు అక్కడిదాకా వెళ్తే చీరుకుపోతుంది. ఈ బండిలో సిలిండర్ కొత్తదే అయినా అలవాటు తప్పకూడదని చెక్క పెట్టించాను.

స్కేలు మళ్లీ అదే చోట నిలబెట్టాం. మొదటి తొక్కుకి 75. ఎడమ చక్రం ఊపాక తొక్కితే 75. కుడి ఊపినా 75. హ్యాండ్‌బ్రేక్ ఆరో క్లిక్కు, ఈసారి కేబుల్ వదులుగా ఉండగానే.

కరకట్టకి మళ్లీ వెళ్లాం, అవే వంపులు. వెళ్తూ పద్నాలుగుసార్లు, వస్తూ పద్నాలుగుసార్లు తొక్కించాను. ఒక్కసారి కూడా దిగలేదు. గుంయ్‌మన్న శబ్దం కూడా పోయింది. ఒక మలుపు దగ్గర మాస్టారు కావాలని బ్రేకు వేసి, ఆగి, కాలు తీసి మళ్లీ పెట్టి చూసుకున్నారు. రెండోసారి తొక్కడం ఆయనకి అలవాటైపోయింది. అది పోవడానికి ఇంకో నెల పట్టిందని తర్వాత చెప్పారు.

అక్టోబరులో దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చి, నేరుగా షెడ్డుకే తెచ్చారు బండిని. ఘాట్‌లో ఎక్కిన గేర్లోనే దిగానని ముందు ఆ మాటే చెప్పారు. కాలిపర్ నుంచి చెంచాడు ఆయిల్ తీసి చూశాను, తేటగా ఉంది. స్కేలు పెడితే 74. ఆ ఒక్క మి.మీ. ప్యాడ్ల అరుగుదలా, స్కేలు నిలబెట్టడంలో తేడానా అని మాస్టారు అడిగారు. మళ్లీ కొలిచాం. 75 వచ్చింది.

సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపు నుంచి వచ్చే బండి ఏ పనికి వచ్చినా ఇప్పుడు ముందు చక్రాలు లేపి ఊపి చూస్తున్నాం, పిన్లు విప్పి చూస్తున్నాం. డబ్బులు తీసుకోవడం లేదు. ఇప్పటిదాకా ఇంకో ఆరు బళ్లలో పిన్లు పట్టేసి దొరికాయి, మరో రెండింటిలో బేరింగ్ ఊగింది. ఆ ఎనిమిది బళ్లలో ఏ ఒక్కదాన్నీ బ్రేకు బాగాలేదని తీసుకురాలేదు.